పాత ప్రెస్ కెమెరాకు సోలనాయిడ్ మేలా, కేబుల్ మేలా?

లెన్స్‌తో ఉన్న షట్టర్ లోపల ఫ్లాష్ కాంటాక్టులు (ఫ్లాష్‌ను సరైన క్షణంలో వెలిగించే స్విచ్చు) ఉన్నాయా, లేవా? అది చూడకుండా సోలనాయిడ్ (కరెంటుతో ఇనుప కడ్డీని లాగి షట్టర్ మీటను కదిలించే తీగచుట్ట) కొనకండి, కేబుల్ (చివర వేలితో నొక్కితే షట్టర్ మీటను కదిలించే తీగ) కూడా కొనకండి. కరెంటుతో మీట లాగించాలా, వేలితో నొక్కాలా అన్నది ఆ తర్వాత తేలుతుంది.

నేను చెబుతున్నది ఒకప్పుడు పత్రికల ఫోటోగ్రాఫర్లు వాడిన, అమెరికాలోని రోచెస్టర్‌లో తయారైన గ్రాఫ్లెక్స్ కెమెరాల గురించి. వాటిలో స్పీడ్ గ్రాఫిక్ అనే కెమెరా 1912లో మొదలైంది. ఇప్పుడు ఎక్కువగా చేతికి దొరికేవి 1940 నుంచి 1947 దాకా వచ్చిన అనివర్సరీ మోడల్, 1947లో మొదలైన పేస్‌మేకర్ మోడల్. రెంటికీ మధ్య ఏడేళ్లే తేడా అయినా, ఫ్లాష్ విషయంలో ఒకదానికి పనికొచ్చే ఏర్పాటు రెండోదానికి అక్కర్లేదు.

అప్పటి ఫ్లాష్ బల్బు కరెంటు తగలగానే పూర్తిగా వెలగదు. ప్రెస్ వాళ్లు వాడిన ఎం తరగతి బల్బు పూర్తి వెలుగుకు రావడానికి దాదాపు 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ క్షణానికి షట్టర్ రెక్కలు తెరుచుకుని ఉండాలి. న్యూయార్క్ రాత్రుల్ని ఫోటోలు తీసిన ఆర్థర్ ఫెలిగ్ కెమెరాను పది అడుగుల దూరానికి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16కు, షట్టర్‌ను సెకనులో 200వ వంతుకు ముందే సిద్ధం చేసి పెట్టుకునేవాడు. 200వ వంతు అంటే 5 మిల్లీసెకన్లు. పది మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే వెలుగులో చాలా భాగం షట్టర్ బయటే పోతుంది.

లోపల కాంటాక్టులు లేని షట్టర్‌కు సోలనాయిడ్ ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది. ఫ్లాష్‌గన్ బటన్ నొక్కగానే బల్బుకూ, సోలనాయిడ్ కాయిల్‌కూ ఒకేసారి కరెంటు వెళుతుంది. బల్బు అంటుకుని పెరిగే లోపు, కాయిల్ లోపలి ఇనుప కడ్డీ జరిగి మీటను లాగుతుంది. కడ్డీకి పట్టే ఆ కాస్త ఆలస్యమే మనకు కావలసింది. వేలితో కేబుల్ నొక్కి, ఇంకో చేత్తో ఫ్లాష్ బటన్ నొక్కి ఈ లెక్క కుదర్చడం మనిషి వల్ల కాదు. కాబట్టి కాంటాక్టులు లేని షట్టర్, బల్బు ఫ్లాష్, 100వ వంతు కంటే వేగం: ఈ మూడూ కలిస్తే సోలనాయిడే మేలు. సెకనులో 25వ వంతు దగ్గర మాత్రం షట్టర్ 40 మిల్లీసెకన్లు తెరిచే ఉంటుంది కాబట్టి చిన్న తేడాలు లెక్కలోకి రావు.

పేస్‌మేకర్‌తో వచ్చే గ్రాఫెక్స్ షట్టర్లలో చాలావాటికి లోపలే కాంటాక్టులు ఉంటాయి. షట్టరే సమయం చూసుకుని బల్బు వెలిగిస్తుంది. దానికి కేబుల్ చాలు. ఆ కెమెరా ఒంటి మీద ఉండే మీట కేబుల్ ద్వారా ముందు షట్టర్‌ను నొక్కుతుంది, సెల్లు అక్కర్లేదు, కాయిల్ కాలిపోతుందన్న టెన్షన్ లేదు. ఇలాంటి షట్టర్‌కు సోలనాయిడ్ పెట్టాలనుకుంటే పెట్టవచ్చు, కానీ అది మీటను లాగడం వరకే. బల్బు వైరు షట్టర్ కాంటాక్టుకే వెళ్లాలి. గన్ బటన్‌తోనే బల్బును కూడా వెలిగిస్తే కడ్డీ ఆలస్యం మీద షట్టర్ లోపలి ఆలస్యం కలిసి, రెక్కలు తెరిచేసరికి బల్బు ఆరిపోతూ ఉంటుంది.

ఎలక్ట్రానిక్ ఫ్లాష్ ఉన్నవాళ్లకు సోలనాయిడ్ లెక్క అసలు పనికిరాదు. దాని వెలుగు బటన్ నొక్కిన మరుక్షణమే వచ్చి పోతుంది. రెక్కలు పూర్తిగా తెరుచుకున్న క్షణంలోనే ఫ్లాష్‌ను వెలిగించే ఎక్స్ కాంటాక్టు షట్టర్‌లో ఉండాలి, అదొక్కటే దారి.

ఇక బిగించడం. ముందు షట్టర్‌ను ఎక్కుపెట్టి (లోపలి స్ప్రింగ్ బిగించి) వేలితో మీట నొక్కి చూడండి. వేలికే గట్టిగా తగిలితే సోలనాయిడ్ లాగలేదు. షట్టర్‌లో ఎండిపోయిన నూనెను ముందు శుభ్రం చేయించాలి. తర్వాత కడ్డీ లాగే దిక్కు, మీట కదిలే దిక్కు ఒకే గీతలో ఉండేలా లెన్స్ బోర్డు (లెన్స్ బిగించే పలక) మీద సోలనాయిడ్‌ను పట్టుకుని చూడండి. వాలుగా ఉంటే కడ్డీ గొట్టం గోడకు రాసుకుంటుంది.

అసలు కీలకం కడ్డీ ప్రయాణంలో షట్టర్ ఎక్కడ తెగుతుందన్నది, అంటే మీట వదిలి రెక్కలు ఎక్కడ కదులుతాయన్నది. కడ్డీ లోపలికి వెళ్లేకొద్దీ అయస్కాంతం పట్టు పెరుగుతుంది, చివరన బలం అన్నిటికంటే ఎక్కువ. అందుకే కడ్డీ అడుగు తాకడానికి ఒక వెంట్రుకవాసి ముందు షట్టర్ తెగాలి. బలం ఇంకా తక్కువగా ఉన్న మొదట్లోనే మీట తగిలితే కడ్డీ అక్కడే ఆగిపోవచ్చు. కడ్డీ అడుగు తాకాక కూడా మీట తెగకపోతే, సోలనాయిడ్‌ను మీటకు దూరంగా, లాగే వైపుకు కొంచెం జరపాలి. పట్టీ స్క్రూలు వదులు చేసి, అర మిల్లీమీటరు చొప్పున జరిపి, మళ్లీ బిగించి చూడటమే. ఓపిక ఉన్నవాళ్లకు ఒక సాయంత్రం పని. ప్రతిసారీ లెన్స్‌ను వెనక్కి నెట్టి, కెమెరా తలుపు మూసుకుంటోందా చూడటం మరిచిపోకండి.

సమయం చూడటానికి ఇప్పుడు మన జేబులోనే పరికరం ఉంది. బల్బు బదులు ఒక ఎల్ఈడీని రెసిస్టర్‌తో కలిపి బల్బు సాకెట్‌కు తగిలించండి. ఫోన్‌ను సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి ఎల్ఈడీనీ, లెన్స్‌నూ కలిపి తీయండి. ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. ఎల్ఈడీ వెలిగిన తర్వాత ఐదో ఫ్రేము దగ్గర రెక్కలు పూర్తిగా తెరిచి కనిపిస్తే సరిపోయినట్టే. ఒక ఫ్రేము అటూ ఇటూ మామూలే కాబట్టి పదిసార్లు తీసి చూడాలి.

ఈ పరీక్ష చేయక నేను ఆరు ఫిల్మ్ షీట్లు పోగొట్టుకున్నాను. ఆరుసార్లూ బల్బు వెలిగింది, ఆరుసార్లూ షట్టర్ తెగింది, నెగెటివ్‌లు మాత్రం అద్దాల్లా ఖాళీగా వచ్చాయి. గన్‌లోని మూడు పెద్ద సెల్లు అరిగిపోయాయి. బల్బు అంటుకోవడానికి చాలినంత కరెంటు వాటిలో ఉంది, కడ్డీని వేగంగా లాగేంత లేదు. సెల్లు మార్చగానే, ఒక్క స్క్రూ కూడా తిప్పకుండా, లెక్క సరిపోయింది. అందుకే సోలనాయిడ్‌ను ఎప్పుడూ కొత్త సెల్లతోనే సర్దాలి. బటన్‌ను నొక్కి పట్టుకోకూడదు కూడా. కాయిల్ వేడెక్కి సెల్లు తొందరగా అయిపోతాయి.

1958లో వచ్చిన సూపర్ గ్రాఫిక్‌లో సోలనాయిడ్ కెమెరా లోపలే ఉంటుంది. చూడటానికి ముచ్చటైన ఏర్పాటు. కానీ దానికి 22.5 వోల్టుల బ్యాటరీలు కావాలి, అవి వీధి చివరి కొట్లో దొరకవు. నేనైతే దాన్ని అలాగే వదిలేసి కేబుల్‌తో వాడతాను.

ధర సంగతి కూడా ఉంది. మూడు సెల్లు పట్టే గ్రాఫ్లెక్స్ ఫ్లాష్‌గన్ పిడిని ఒక అంతరిక్ష సినిమాలో వెలుగు కత్తికి పిడిగా వాడారు. అప్పటి నుంచి కెమెరాల వాళ్లతో పాటు కత్తుల అభిమానులూ దాన్ని కొంటున్నారు. మంచి పిడికి పెట్టే డబ్బుతో కాంటాక్టులున్న షట్టర్ వస్తుందేమో ముందు చూడండి. వస్తే కేబుల్ దారే మేలు. అనివర్సరీని దాని అసలు లెన్స్‌తో, అసలు షట్టర్‌తోనే వాడాలని ఉంటే సోలనాయిడ్ మీద పెట్టిన ఖర్చు వృథా కాదు. పరీక్షలన్నీ ఎల్ఈడీతో ముగించి, షట్టర్ ఎక్కుపెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, అప్పుడు బల్బు పెట్టండి. కాంటాక్టు ఎక్కడైనా అతుక్కుని ఉంటే బల్బు చేతిలోనే వెలుగుతుంది.