వావెల్ కేథడ్రల్: బాబాయితో క్రాకోవ్‌లో రెండు రోజులు

బెర్లిన్‌లో మా ఇంటికొచ్చిన బాబాయికి యూరప్ చర్చిలంటే అప్పటికే మొహం మొత్తింది. "మళ్ళీ చర్చే అయితే నన్నొదిలెయ్‌రా, కాఫీ తాగుతూ బయట కూర్చుంటా" అన్నాడు పోలండ్‌లోని క్రాకోవ్‌కి వెళ్ళే రైల్లోనే. తీరా వావెల్ కొండ మీది కేథడ్రల్లో అడుగుపెట్టాక, ఆయన్ని బయటికి తేవడానికి నేనే బతిమాలాల్సి వచ్చింది.

బస కాజిమియెజ్‌లో, అంటే పాత యూదుల పేటలో. గది శుభ్రంగానే ఉంది గానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మాట ఓనరు ముందు చెప్పలేదు. పెట్టెలు మోసి నడుం పట్టేసినా, మళ్ళీ వెళ్తే ఆ పేటలోనే దిగుతాను. వావెల్ కొండకి పావుగంట నడక, రాత్రి పొద్దుపోయాక కూడా తిండి దొరుకుతుంది. ట్రామ్ ఎక్కితే మాత్రం టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే మెషిన్లో పంచ్ చెయ్యాలి. అది తెలియక ఫైన్ కట్టాం.

నేను చేసిన పెద్ద పొరపాటు ముందు అదే కొండ మీదున్న రాజుల కోటకి వెళ్ళడం. కోట టికెట్లు వేరు, కేథడ్రల్ టికెట్ వేరు. కోటలో గది తర్వాత గది తిరిగేసరికి బాబాయి మోకాళ్ళు మొరాయించాయి. మీరు మాత్రం పొద్దున్నే కేథడ్రల్‌తో మొదలుపెట్టండి. అదీ ఆదివారం వద్దు, పొద్దున ప్రార్థనలుంటాయి, మనల్ని మధ్యాహ్నం దాకా రానివ్వరు.

ఆ చోట ఈ కేథడ్రల్ మూడో కట్టడం. 1320లో మొదలై 1364లో ప్రతిష్ఠ జరిగింది. ఆ 1320లోనే రాజు వ్వాదిస్వావ్ వొకెతెక్ ఇక్కడ కిరీటం పెట్టుకున్నాడు. రాజధాని వార్సాకి తరలిపోయాక కూడా పట్టాభిషేకానికి రాజులు ఈ కొండే ఎక్కేవారు. ఆఖరిది 1734లో. లోపల నడిమధ్యన వెండి పేటిక ఒకటి ఉంటుంది, బిషప్ స్తనిస్లావ్‌ది. 1079లో ఆయన్ని చంపించింది రాజే. ఆ పాపానికి రాజు దేశం వదిలి పారిపోవాల్సి వచ్చింది. తర్వాతి రాజులు ఆ బిషప్ సమాధి దగ్గరికే యుద్ధాల్లో గెలిచిన జెండాలు తెచ్చి పెట్టారు. ఇక్కడే బాబాయి మొదటిసారి ఆగిపోయాడు.

నాకు నచ్చింది మాత్రం రాణి యాద్విగా. 1384లో పట్టాభిషేకం జరిగినప్పుడు ఆమెకిచ్చిన బిరుదు రాణి కాదు, రాజు! 1399లో చనిపోయేముందు తన నగలు క్రాకోవ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చేసింది. అందుకే ఆమె సమాధిలో దొరికిన రాజదండం బంగారం కాదు, పూత పూసిన చెక్క.

కింద సమాధుల్లోకి దిగాక బాబాయి అడిగాడు: "రాజుల మధ్యలో ఈ కవులకేం పనిరా?"

అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. 1795 నుంచి 123 ఏళ్ళు మ్యాపులో పోలండే లేదు. రాజులు లేని ఆ రోజుల్లో, 1818లో తిరుగుబాటు నాయకుడు కొష్చ్యూష్కోని తెచ్చి రాజుల సరసన పెట్టారు. 1890లో కవి మిత్స్క్యేవిచ్ అవశేషాల్ని ఫ్రాన్స్ నుంచి తెచ్చారు. అప్పుడు ఊరు ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. దేశం వచ్చాక 1927లో మరో కవి స్వొవాత్స్కి. ఆయన రాజులకి సమానుడని, పట్టుబట్టి తెప్పించిన అప్పటి ప్రధాని పిల్సుద్‌స్కీ అన్నాడు. 1935లో ఆ పిల్సుద్‌స్కీ కూడా ఇక్కడికే చేరాడు. 2010లో స్మొలెన్స్క్ విమాన ప్రమాదంలో పోయిన అధ్యక్షుడు కచిన్‌స్కీ దంపతుల సమాధీ ఇక్కడే. అప్పట్లో దాని మీద దేశంలో పెద్ద గొడవే అయింది. పక్కనున్న సెయింట్ లియోనార్డ్ గదిలోనే 1946 నవంబరు 2న ఒక కుర్ర ఫాదర్ తన తొలి పూజ చేశాడు. ఆయనే తర్వాత పోప్ రెండో జాన్ పాల్.

కేథడ్రల్ గోపురంలోని జిగ్మున్ట్ గంట చూడ్డానికి ఇరుకు చెక్కమెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మానుకోవచ్చు. 1520లో పోతపోసిన ఆ గంటని మోగించడానికి 12 మంది కావాలి. నేనొక్కణ్ణే ఎక్కొచ్చాను.

భోజనానికి 'మిల్క్ బార్'లు, అంటే అక్కడి మామూలు క్యాంటీన్లు, చవక. బంగాళదుంప, చీజ్ కూరిన పియెరోగి ఉడకబెట్టిన కజ్జికాయల్లా ఉంటాయి, శాకాహారులకి దిగుల్లేదు. వేయించిన ఉల్లిపాయలతో తెమ్మనండి, పంది ముక్కలు వేస్తారేమో ముందే అడగండి. పచ్చడి డబ్బా వెంట ఉంచుకున్నాం, మంచిదైంది.

కేథడ్రల్ వాకిట్లో గొలుసులకి పెద్ద పెద్ద ఎముకలు వేలాడుతుంటాయి. డ్రాగన్‌వని జనం చెప్పుకుంటారు, నిజానికి ఏవో పాతకాలపు జంతువులవట. అవి తెగిపడిన రోజు ప్రపంచం అంతమవుతుందని నమ్మకం. "ఉత్తిదేలే" అంటూనే బాబాయి వాటికి కాస్త ఎడంగా నడిచాడు.