ఎస్‌ఎం 1231 అనలాగ్ మాడ్యూల్: కొలత నమ్మకం, జతల దగ్గర జాగ్రత్త

యంత్రాలను నడిపే కంట్రోలర్ల (పీఎల్‌సీ) కుటుంబమైన సీమెన్స్ ఎస్7-1200 వరుసలో 1214సీ సీపీయూకి సొంతంగా ఉండే అనలాగ్ ఇన్‌పుట్లు రెండే, అవీ 0-10 వోల్టులకే. కొలతను 4-20 మిల్లీఆంప్ కరెంటుగా పంపే సెన్సర్‌ని, అంటే ట్రాన్స్‌మిటర్‌ని, 500 ఓమ్‌ల రెసిస్టర్‌తో నెట్టుకురావచ్చు. కానీ అలాంటివి రెండు దాటితే సీపీయూ పక్కన తగిలించే నాలుగు ఛానళ్ల (ఇన్‌పుట్ల) మాడ్యూల్ ఎస్‌ఎం 1231 తీసుకోవడమే మేలు.

కొనేముందే చూడాల్సింది జతల సంగతి. 0, 1 ఛానళ్లు ఒక జత, 2, 3 ఇంకో జత. ఒకే జతలో ఒకటి వోల్టేజీ, మరొకటి కరెంటు పెట్టనివ్వదు. అంటే మూడు కరెంటు సెన్సర్లు, ఒక వోల్టేజీ సెన్సర్ ఉంటే ఛానళ్లు నాలుగున్నా ఈ మాడ్యూల్ సరిపోదు. ప్యానెల్ వైరింగ్ అయ్యాక ఇది బయటపడితే తిప్పలే.

రెండు తీగల ట్రాన్స్‌మిటర్‌కి లూప్ కరెంటు మాడ్యూల్ ఇవ్వదు. 24 వోల్టుల ప్లస్ ట్రాన్స్‌మిటర్ ప్లస్‌కి, దాని మైనస్ ఛానల్ 0+ కి, ఛానల్ 0- ని సప్లై ఎం (మైనస్) కి కలపాలి. వాడని ఛానల్ వోల్టేజీలో ఉంటే షార్ట్ చేయాలి. కరెంటులో ఉంటే 0-20 మిల్లీఆంప్ రేంజిలో వదిలితే తీగ తెగిందన్న ఎర్రర్ రాదు.

సీపీయూ పక్కనున్న మొదటి స్లాట్‌లో, ప్రోగ్రామ్ కొలతను చదివే అడ్రసు మామూలుగా ఐడబ్ల్యూ96 నుంచి మొదలై 98, 100, 102 గా సాగుతుంది. 97 అని రాస్తే రెండు ఛానళ్ల బైట్లు కలిసిపోయి అర్థంలేని అంకె వస్తుంది. ట్యాగ్ (ఆ అడ్రసుకి పెట్టే పేరు) టైప్ ఇంట్, అంటే గుర్తున్న పూర్ణాంకం, ఉండాలి. వర్డ్‌కి మైనస్ గుర్తు లేదు కాబట్టి -100 కాస్తా 65436 గా కనిపిస్తుంది.

మాడ్యూల్ ఇచ్చే ముడి విలువను అసలు కొలతగా మార్చే స్కేలింగ్ సులువే: ముడి విలువను 0-1 మధ్యకి తెచ్చే నార్మ్‌ఎక్స్‌కి కనిష్ఠం 0, గరిష్ఠం 27648, ఆపైన దాన్ని బార్‌లలోకి మార్చే స్కేల్‌ఎక్స్‌కి 0.0, 10.0 బార్. స్కేల్‌ఎక్స్ ఫలితాన్ని ఇంట్‌లో పెడితే దశాంశాలు పోతాయి, దశాంశ సంఖ్యల టైప్ రియల్ ఇవ్వాలి. ప్రెజర్ లేనప్పుడు కూడా 2 బార్ చూపిస్తోందా? సెన్సర్‌ని అనుమానించకండి. రేంజి 0-20 లో ఉండిపోయింది, 4 మిల్లీఆంప్‌కి ముడి విలువ దాదాపు 5530 వస్తోంది. 4హెచ్‌డి30 అనే పాత వెర్షన్‌లో 4-20 రేంజే లేదు, అక్కడ నార్మ్‌ఎక్స్ కనిష్ఠాన్నే 5530 చేయాలి. 32767, -32768 కొలతలు కావు, సిగ్నల్ రేంజి దాటిందన్న గుర్తులు. నార్మ్‌ఎక్స్ వాటిని ఆపదు, ప్రోగ్రామ్‌లోనే అడ్డుకోవాలి.

నాయిస్ ఫిల్టర్‌ని మీ కరెంటు సరఫరాకి తగ్గట్టు 50 లేదా 60 హెర్ట్జ్ పెట్టండి. విలువల ఊగిసలాట తగ్గించే స్మూతింగ్ సెట్టింగ్ స్ట్రాంగ్‌లో 32 శాంపిళ్ల సగటు తీస్తుంది. ట్యాంకు లెవెల్‌కి హాయి, వేగంగా మారే ప్రెజర్‌కి కాదు.

ఈ మాడ్యూల్ కొలత సూక్ష్మత 13 బిట్లు కాబట్టి ముడి విలువ ఎనిమిదేసి చొప్పున కదులుతుంది. 10 బార్ రేంజిలో అది 0.003 బార్ లోపే, పంపులకు బేషుగ్గా చాలు. తూకం యంత్రానికైతే ఇందులోనే 16 బిట్ల రకం తీసుకోండి.