ఐదు షీట్లకు ఒక్కటే టైపింగ్: రెండేళ్లు వాడినంక

హన్మకొండల ఇండ్ల ప్లాన్లు గీసుడు నా పని. గీతలతోని నాకు ఎన్నడూ ఇబ్బంది లేదు, సతాయించింది టైటిల్ బ్లాకే, అంటే షీట్ మీద వివరాలు రాసే డబ్బా. ఓనర్ పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ప్లాట్ నంబరు, గజాలు... సైట్ ప్లాన్ నుంచి సెక్షన్ దాకా ఐదు షీట్లుంటే ఐదుసార్లు డబుల్ క్లిక్ చేసి అదే కొట్టాలె. నాలుగో షీట్‌కు వచ్చేసరికి శ్రీమతి కాస్తా శ్రీ అయ్యేది.

రెండేళ్ల కింద, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌ల డ్రాయింగ్ ప్రాపర్టీస్‌కు (ఫైల్ వివరాలు దాచే కిటికీ) మారిన. కస్టమ్ ట్యాబ్‌ల మనకు కావాల్సిన పేర్లు పెట్టుకొని, టైటిల్ బ్లాక్‌ల వాటినే ఫీల్డ్‌లుగా (విలువను వేరే తాన నుంచి తెచ్చి చూపే అక్షరాలు) పెడితే ఒక్క తాన మార్చింది అన్ని షీట్లల్ల మారుతది. ఆ కిటికీ తెరిచే ఓపిక గూడ లేక చిన్న లిస్ప్ (ఆటోక్యాడ్‌ల నడిచే ప్రోగ్రామ్) రాసుకున్న. కమాండ్ లైన్‌ల ఒక్కొక్కటి అడిగి నింపేస్తది. మొదట్ల స్పేస్ కొట్టంగనే ఎంటర్ అనుకొని ముందుకు పోయేది. మన దిక్కు ఇంటిపేరే ముందు కదా, షీట్ మీద అదొక్కటే మిగిలేది! లిస్ప్‌ల అక్షరాలు అడిగే ఆదేశం గెట్‌స్ట్రింగ్ పక్కన ఒక ‘టీ’ చేర్చితే కుదిరింది.

నాకు మస్తు నచ్చింది గజాల సంగతి. ప్లాట్ హద్దుగా గీసిన పాలీలైన్ (ఒకటే ముక్కగా ఉండే గీత) ఏరియాను ఫీల్డ్‌గా పెట్టి 1.196తో గుణించుమన్న. మీటర్లల్ల గీసింది గజాలల్ల కనబడుతది. హద్దు జరిపితే లెక్క దానంతటదే మారుతది. క్యాలికులేటర్ సొరుగులకు పోయింది.

ఇగ పోయిన శ్రావణం. ముహూర్తాల గిరాకీ, చేతినిండ పని. మడికొండ ఇంటి ఫైల్‌ను సేవ్ యాజ్ చేసి హసన్‌పర్తి ఇల్లు గీసిన. లిస్ప్ అడిగింది, కొత్త పేర్లు చెప్పిన, పీడీఎఫ్ తీసిన, ప్రింట్లు కొట్టిచ్చిన. పెద్దాయన కండ్లద్దాలు సవరించుకొని చూసి, “సారూ, ఇల్లు మాది, పేరు ఎవలిది?” అన్నడు. ఐదు షీట్ల మీద మడికొండాయనే ఉన్నడు. ప్రాపర్టీస్‌ల చూస్తే పేరు కొత్తదే!

పొద్దుగూకేదాక వెతికితే దొరికింది. ఫీల్డ్‌ఇవాల్ అని ఒక సెట్టింగ్. మామూలుగ 31 ఉంటది. తెరిచినా, సేవ్ చేసినా, ప్రింట్‌కు ప్లాట్ చేసినా, రీజెన్ (బొమ్మను మళ్ల గీయించే కమాండ్) కొట్టినా ఫీల్డ్‌లు మారుతయ్. సున్నా పెడితే వాటంతటవి మారయ్. మడికొండ ఫైల్ బరువై రీజెన్ ఆలస్యమైతున్నదని ఏనాడో నేనే సున్నా పెట్టిన. ఆ సెట్టింగ్ సేవ్ యాజ్ చేసిన ఫైల్‌కు గూడ వస్తదని సోయి లేదు. స్క్రీన్ మీద గూడ పాత పేరే ఉన్నది. నేను చూస్తే కదా! చేత్తో కొట్టిన రోజుల్ల తప్పులు చిన్నగ ఉండేటివి, కానీ పేరు మాత్రం చూసేవాణ్ని.

ఇప్పుడు లిస్ప్ చివర్ల దాన్ని 31 చేసి రీజెన్ కొట్టే లైన్లు పెట్టిన. కొత్త పని పాత ఫైల్ మీద మొదలుపెడ్తలేను, ఖాళీ టెంప్లేట్ తీస్తున్న. నింపని తాన నాలుగు అడ్డగీతలు కనబడుతయ్ కాబట్టి మరిచినా దొరుకుతది.

నేను ఒక్కణ్నే, అన్ని షీట్లు ఒకే ఫైల్‌ల పెడత, అందుకే నాకు సరిపోతున్నది. షీట్‌కో ఫైల్ చేసే ఆఫీసులకు ఇది అక్కరకు రాదు, వాళ్లకు వేర్వేరు ఫైళ్ల షీట్లను ఒక్కతాన చూసుకునే షీట్ సెట్ మేనేజరే నయం. నాకు గూడ ఒక్కతాన ఇరుకే: అన్నదమ్ములు పక్కపక్కనే కట్టుకుంటమని రెండిండ్లు ఒకే ఫైల్‌ల గీయిస్తే, ఓనర్ పేరుకు ఉన్నది ఒక్కటే అర. అప్పుడు తమ్ముని షీట్లకు మళ్ల డబుల్ క్లిక్కే.