ఎక్కి చేరే జలపాతమా, దిగి చేరే జలపాతమా: పసిబిడ్డ, కుక్క వెంట ఉంటే ఏది మేలు?

కొండల్లోని జలపాతాలకు తీసుకువెళ్లే కాలిబాటలు ప్రధానంగా రెండు రకాలు. వాహనాన్ని దిగువన ఆపి, వాగు వెంబడే పైకి నడిచి ధార పడే చోటికి చేరేది ఒకటి. కొండ మీద వాహనం దిగి, అక్కడి నుంచి లోయలోకి దిగుతూ ధార అడుగుకు చేరేది రెండోది. పెద్దవాళ్లు మాత్రమే వెళ్లేటప్పుడు ఈ తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దూరమెంత, ధార ఎంత ఎత్తు నుంచి పడుతుంది అన్నవే అడుగుతారు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు బిడ్డ, తోడుగా ఒక కుక్క వెంట ఉన్నప్పుడు మాత్రం అన్నింటికన్నా ముందు తేల్చుకోవలసింది ఎక్కడం ముందా, దిగడం ముందా అన్నదే.

మొదటి రకం వైపు మొగ్గడానికి నాకు కనిపించే బలమైన కారణం, సగంలో వెనక్కి తిరగగల వెసులుబాటు. పసిబిడ్డతో వెళ్లిన నడక అనుకున్నట్టు సాగడం అరుదు. నిద్ర ముంచుకొస్తుంది, డైపర్ మార్చవలసి వస్తుంది, ఇక ఒక్క అడుగు కూడా వేయనని బిడ్డ నేల మీద కూర్చుంటుంది. ఎక్కుతూ వెళ్లే బాటలో ఎక్కడ ఆగిపోయినా మిగిలేది దిగుడే. లోయలోకి దిగే బాటలో అలా కాదు. హాయిగా దిగిన ప్రతి అడుగూ, ఎండ ముదిరాక, అలసిన కాళ్లతో తీర్చవలసిన అప్పు. కొండనడక సమయాన్ని అంచనా వేయడానికి విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు: గంటకు 5 కిలోమీటర్ల చొప్పున లెక్కవేసి, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట కలుపుకోవాలి. ఆ లెక్కన 200 మీటర్ల ఎత్తు ఎక్కే 2 కిలోమీటర్ల బాటకు పెద్దవాళ్లకు సుమారు 44 నిమిషాలు చాలు. బిడ్డ తన కాళ్లతో నడుస్తూ, కనబడ్డ ప్రతి రాయినీ ఏరుతూ వస్తుంటే ఆ సమయానికి రెండింతలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ ఆలస్యమంతా ఉదయం పూట ఎక్కేటప్పుడు జరిగితే నష్టం లేదు. తిరుగు ప్రయాణంలో, ఆకలి వేళ జరిగితేనే కష్టం.

పసిపిల్లల నడక తీరు కూడా మొదటి రకానికే అనుకూలం. మెట్లు ఎక్కడం వాళ్లకు ముందు వస్తుంది, దిగడం తరువాత వస్తుంది. ఎక్కేటప్పుడు చేతులు ఆన్చి, మోకాళ్లు ఆన్చి ఎలాగో పైకి పాకుతారు. వాలులో మాత్రం వేగాన్ని ఆపుకోలేక పరుగందుకుంటారు. అందువల్ల ఎక్కే బాటలో బిడ్డను ఓపిక ఉన్నంతవరకు నడవనిచ్చి, తిరిగి దిగేటప్పుడు వీపు మీది క్యారియర్‌లో కూర్చోబెట్టుకోవడం వీలవుతుంది. చాలాసార్లు ఆ ఊపుకే నిద్రపోతారు.

ఇక రెండో రకానికి ఉన్న గట్టి బలాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. రెండేళ్ల బిడ్డ బరువు సుమారు 12 కిలోలు. చట్రం ఉన్న క్యారియర్ దాదాపు 3 కిలోలు. నీళ్లు, బట్టలు, తినుబండారాలు కలిస్తే మోసేవారి వీపు మీద 18 కిలోలకు తక్కువ ఉండదు. ఆ బరువుతో దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీరాన్ని ఆపవలసి రావడం వల్ల త్వరగా వణుకు పట్టుకుంటాయి. పైగా బిడ్డ ఒక పక్కకు వంగి కుక్కను చూడబోతే మోసేవారి తూకం కూడా అటే ఒరుగుతుంది. ఇటువంటి దిగుడును అలసిన కాళ్లతో చివర్లో కాకుండా, సత్తువ ఉన్నప్పుడే ముగించడం తప్పకుండా సురక్షితం. కాబట్టి బాట పొడవునా తుంపరకు తడిసిన నిటారు రాతిమెట్లే ఉంటే, మిగతావన్నీ సమానమైనప్పుడు, ఉదయం చల్లగా ఉండగా నెమ్మదిగా దిగి, మధ్యమధ్యలో ఆగుతూ ఎక్కే బాటనే నేనూ ఎంచుకుంటాను.

అయితే మిగతావన్నీ సమానంగా ఉండవు, ఎందుకంటే కుక్క కూడా ఉంది. కుక్క ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు. ప్రధానంగా రొప్పడం ద్వారానే వేడిని వదులుకుంటుంది. లోయలో నీళ్లలో ఆడి అలసిన కుక్క, మధ్యాహ్నం కాలిన రాళ్ల మీదుగా ఎక్కడం మొదలుపెడితే వడదెబ్బకు ఎంతో దూరంలో ఉండదు. చప్పిడి ముక్కు జాతులకు, ముసలి కుక్కలకు, ఒళ్లు చేసినవాటికి ఈ ముప్పు మరీ ఎక్కువ. నాలుక కొస వెడల్పై బయటికి వేలాడడం, చొంగ చిక్కబడడం, నీడ కనబడగానే పొట్ట నేలకు ఆన్చి పడుకుని పిలిచినా లేవకపోవడం చూస్తే అక్కడితో ప్రయాణం ఆపవలసిందే. కిందికి వెళ్లే బాటయితే నీడ చూసుకుంటూ నడిపించవచ్చు. పైకి ఎక్కవలసి ఉంటే, ఒకరి వీపున బిడ్డ ఉండగా 25 కిలోల కుక్కను రెండోవారు మోసుకుపోవడం జరిగే పని కాదు.

కుక్క పట్టీ విషయంలో రెండు బాటలకూ నా పట్టుదల ఒకటే. సుమారు 1.8 మీటర్ల మామూలు పట్టీని ఛాతీకి తొడిగే హార్నెస్‌కు తగిలించాలి. లాగిన కొద్దీ సాగే పట్టీ కొండబాటకు పనికిరాదు. బిడ్డను మోసేవారి నడుముకు పట్టీ కట్టకూడదు. ఒకరు బిడ్డకు, ఒకరు కుక్కకు బాధ్యులుగా ఉండాలి. పెద్దవారు ఒక్కరే ఉన్నప్పుడు ఇద్దరినీ తీసుకుని జలపాతానికి బయలుదేరకపోవడమే మంచిది.

కొండ మీద వాహనం ఆగే జలపాతాల్లో మరో ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. ధార కిందికి దూకే అంచు, వాహనం ఆగిన చోటికి తరచుగా చాలా దగ్గరలో ఉంటుంది. గంటల తరబడి సీటులో కట్టుబడి ఉన్న బిడ్డ, నీటి చప్పుడుకు ఉబలాటపడే కుక్క, ఇద్దరూ తలుపు తెరవగానే పరుగు తీస్తారు. అంచుకు పైన నీరు చీలమండ లోతున, నింపాదిగా పారుతున్నట్టు కనిపిస్తుంది. అడుగున రాయంతా పాచి. అక్కడ జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పట్టీ తగిలించడం, బిడ్డను ఎత్తుకోవడం రెండూ పూర్తయ్యాకే కిందికి దిగాలి. దిగువ నుంచి వెళ్లే బాటలో ఈ అంచు బాట చివర కూడా ఎదురుకాదు.

ధార అడుగున మాత్రం రెండింటి పరిస్థితీ ఒకటే. మడుగులో గాలి బుడగలు కలిసిన నీరు మనిషిని తేల్చదు, కుక్కనూ తేల్చదు. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు మట్టిరంగుకు తిరుగుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, హోరు పెరుగుతుంది. ఆ క్షణమే వాగును వదలాలి. మోసేవారికి చెమట పడుతుంటే కదలకుండా కూర్చున్న బిడ్డకు చలి పుడుతుంది కాబట్టి, మెడ వెనుక, మేజోళ్ల లోపల చెయ్యి పెట్టి చూస్తుండాలి. బిడ్డకు పెట్టే చిరుతిండిలో ఎండుద్రాక్ష ఉండకూడదు; చేజారిన గింజను కుక్క వెంటనే నోట కరుచుకుంటుంది, అది కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చాలా రక్షిత అడవుల్లో కుక్కలకు ప్రవేశం ఉండదు గనుక ఆ నిబంధనను ముందే కనుక్కోవాలి.

మొత్తం ఎత్తు 200 మీటర్లకు మించని, నీడ ఉన్న, ఎక్కి చేరే బాటే ఈ కుటుంబానికి నా మొదటి ఎంపిక. దిగి చేరే జలపాతం ఒక్కటే అందుబాటులో ఉంటే బిడ్డను తీసుకువెళ్లి, కుక్కను నమ్మకమైనవారి దగ్గర ఇంట్లోనే ఉంచడం మేలు. కాసేపే కదా అని పైన వాహనంలో మాత్రం వదలకూడదు. ఎండలో మూసిన కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, అద్దాలు కొద్దిగా దించినా పెద్ద తేడా ఉండదు.