హైరూల్‌లో ఇరవై రూపీల మంచం

ఈసారి సెలవుల్లో ఊరు దాటలేదు. పది రోజులూ సోఫాలోనే కూర్చుని, 2017లో నిన్‌టెండో తెచ్చిన ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ గేమ్‌లో హైరూల్ అనే ఊహా రాజ్యమంతా తిరిగాను. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట గ్రేట్ ప్లాటో అనే పీఠభూమి. అక్కడ నాలుగు గుళ్లు పూర్తి చేస్తే అక్కడుండే ఒక ముసలాయన గాలిలో తేలే పారాగ్లైడర్ ఇస్తాడు. తూర్పున రెండుగా చీలిన కొండ మధ్య నుంచి కకారికో ఊరికి వెళ్లమంటాడు. వెళ్లకపోయినా ఎవరూ అడగరు. నాకు ఆ ఊరు చేరడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఒక గుట్ట చుట్టూ తిరిగితే దాని వెనకాల పొగ, ఆ పొగ దగ్గరికి వెళ్తే అవతల ఒక ఎత్తైన టవర్. కొండల్ని త్రికోణాల్లా మలిచింది ఇందుకేనని తయారుచేసినవాళ్లే చెప్పారు: వెనక ఉన్నది కాసేపు దాచి, నడుస్తుంటే కొంచెం కొంచెంగా చూపించడానికి. డైరెక్టర్ ఫుజిబయాషి తనకు బాగా తెలిసిన క్యోటో మ్యాప్‌ని ఈ ప్రపంచం మీద పరిచి దూరాలు అంచనా వేసుకున్నారట. ఎంత నడిచినా విసుగు రాకపోవడానికి అదే కారణమేమో.

బస విషయానికొస్తే, గుర్రపు తల ఆకారంలో కనిపించే స్టేబుల్స్ ఉంటాయి, గుర్రాలశాలా సత్రమూ కలిసినవి. మామూలు మంచం 20 రూపీలు (గేమ్‌లో డబ్బు ఇదే, పేరు మన రూపాయిలాగే ఉంది కదా!), మెత్తటి పరుపు 40. పరుపు మీద పడుకుంటే అదనంగా ఒక గుండె వస్తుంది (ప్రాణం ఎంత ఉందో ఈ గుండె గుర్తులే చూపిస్తాయి). దానికి డబ్బు పెట్టకండి. ఒక్క హార్టీ డ్యూరియన్ పండు వండుకుంటే గుండెలన్నీ నిండి పైన నాలుగు వస్తాయి, వండే కుండ బయటే ఉంటుంది, ఉచితం. గుర్రాన్ని నమోదు చేయించడానికి మరో 20. కానీ అది బాగా దూరంగా ఉంటే ఈల వేసినా రాదు, గుర్తుంచుకోండి.

ఓపిక పరీక్షించేది వాన. కొండ సగం ఎక్కాక చినుకు పడింది. నాలుగు అడుగులు పాకితే జర్రున జారడం, ఓపిక ఎంత మిగిలిందో చూపే పచ్చటి స్టామినా వలయం ఎర్రబడి అయిపోవడం. మూడుసార్లు పడ్డాక బాగా కోపం వచ్చింది. చివరికి పక్కనే బయటికి పొడుచుకొచ్చిన రాయి కింద దూరి, కట్టె పెట్టి, చెకుముకి రాయి కొట్టి మంట వేసుకున్నాను. తెల్లారేసరికి వాన వెలిసింది. పొగమంచులో లోయ కనబడింది. స్క్రీన్ కింద మూలన వాతావరణం ముందే చూపిస్తుంది, ఎక్కే ముందు ఒకసారి చూసుకోండి.

ఆ జారుడునైనా భరిస్తాను గానీ, ఇంతకుముందు ఆడిన ఒక పెద్ద గేమ్‌ని మాత్రం భరించలేకపోయాను. టవర్ ఎక్కగానే మ్యాప్ నిండా వందల గుర్తులు. ఒక్కోటీ టిక్కు పెట్టుకుంటూ తిరగాలి. మిషన్‌లో దారి నుంచి కాస్త పక్కకు వెళ్తే ఫెయిల్. ముప్పై గంటలు తిరిగాక చూస్తే ఒక్క ఊరి పేరూ గుర్తులేదు, చిన్న మ్యాప్‌లో గీత వెంట పోవడం తప్ప. ఇక్కడ టవర్ ఎక్కితే నేల మ్యాప్ మాత్రమే వస్తుంది. దూరంగా మెరిసేదాన్ని దుర్భిణితో చూసి పిన్ మనమే పెట్టుకోవాలి.

నిన్న రాత్రి మంచు కొండ మీద అలా ఒకటి పెట్టాను. పోవాలంటే ముందు కారపు మిరపకాయలు వండుకోవాలి, లేకపోతే చలికి ఆగలేం.