మూడు బటన్లా, జెశ్చర్లా: ఏది మేలు?

కొత్త ఫోన్‌లో కింద బ్యాక్, హోమ్, రీసెంట్స్ అనే మూడు బటన్లు కనబడటం లేదు, వాటినే మళ్లీ తెచ్చుకోవాలా, జెశ్చర్లు, అంటే స్క్రీన్ మీద వేలితో జరిపే స్వైప్‌లు, అలవాటు చేసుకోవాలా? ఈ ప్రశ్న ఈ మధ్య ఎక్కువగా వస్తోంది. అమ్మానాన్నలకు ఫోన్ కొనిచ్చినవాళ్లయితే తప్పకుండా అడుగుతున్నారు.

2017లో ఐఫోన్ టెన్‌తో ఆపిల్ హోమ్ బటన్ తీసేసింది. 2019లో ఆండ్రాయిడ్ 10 కూడా పూర్తి జెశ్చర్లు తెచ్చింది. హోమ్‌కి వెళ్లడం వరకైతే జెశ్చరే హాయి. కింది నుంచి పైకి జరపడం ఇట్టే చేతికి వచ్చేస్తుంది, స్క్రీన్ మీద కాస్త చోటూ మిగులుతుంది.

చిక్కంతా బ్యాక్ దగ్గరే. ఆండ్రాయిడ్‌లో వెనక్కి రావాలంటే అంచు నుంచి లోపలికి జరపాలి. ఆ అంచుతో యాప్‌లకూ పనుంది. ఫోటో క్రాప్ చేద్దామని మూల పట్టుకుంటే ఒక్కోసారి ఫోటోలోంచే బయటపడతాం. ఇందుకోసమే ఒక్కో అంచులో సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు వరకు బ్యాక్ పనిచేయకుండా ఆపుకునే వీలు గూగుల్ యాప్‌లకు ఇచ్చింది. దాంతో అదే చోట అదే స్వైప్ ఒక యాప్‌లో వెనక్కి తీసుకెళ్తుంది, ఇంకోదాంట్లో తీసుకెళ్లదు.

పైగా బ్యాక్ మనకు ఎక్కువగా అవసరమయ్యేది టెన్షన్‌లో. ఏదో నొక్కాం, తెలియని పేజీ వచ్చింది, డబ్బులు పోతాయేమోనన్న భయం. అప్పుడు కింద బాణం కనబడుతుంటే ఆ ధైర్యమే వేరు. జెశ్చర్ కనబడదు, ఎవరో ఒకరు చెప్పాలి, అది గుర్తుండాలి. నా దృష్టిలో తేల్చేది ఇదే. పెద్దవాళ్ల ఫోన్‌లో మూడు బటన్లే పెట్టండి. నా ఫోన్‌లోనూ అవే ఉన్నాయి, పాతకాలం మనిషినని నవ్వుకున్నా సరే.

కాకపోతే బటన్లన్నీ అన్ని ఫోన్లలో ఒకేలా ఉండవు. శాంసంగ్‌లో బ్యాక్ మామూలుగా కుడివైపు ఉంటుంది, పిక్సెల్‌లో ఎడమవైపు. శాంసంగ్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నావిగేషన్ బార్‌లోకి వెళ్లి, పాత ఫోన్‌లో ఉన్న వరసలోకే మార్చి ఇవ్వండి.

ఆండ్రాయిడ్ 9లో బటన్లకూ జెశ్చర్లకూ మధ్యస్థంగా వచ్చిన మాత్ర ఆకారం బటన్ సంగతి వదిలేయండి, దాన్ని గూగులే పక్కన పెట్టేసింది.

జెశ్చర్లే కావాలంటే సెట్టింగ్స్‌లో బ్యాక్ సెన్సిటివిటీ తగ్గించుకోండి. క్రాప్ గొడవ కొంతైనా తగ్గుతుంది.