ట్రిప్ మీటరు బాగు చేయమంటే కారు మీటరే మార్చేశారు: పాత కార్ల వారు జాగ్రత్త

పాత కారులో ట్రిప్ మీటరు (మనం సున్నా చేసుకుని అక్కడి నుంచి తిరిగిన దూరం చూసుకునే అంకెల వరుస) ఒక్కటే ఆగిపోయి, బాగు చేయించాలని చూస్తున్న వారి కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా కేబుల్‌తో తిరిగే మీటర్లున్న 1990ల నాటి కార్ల వారికి. మీటరు విప్పి దుకాణంలో వదిలి రాకండి. 'మొత్తం సెట్టు మార్చాలి' అంటే ఒప్పుకోకండి.

నాది కార్బురేటర్ కాలపు మారుతి ఎస్టీమ్. వేగం ముల్లు చక్కగా లేస్తోంది, మొత్తం కిలోమీటర్ల అంకెలు కదులుతున్నాయి, ట్రిప్ మాత్రం సున్నా దగ్గరే నిలిచిపోయింది. పెట్రోలు ముల్లు మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ట్యాంకు నింపినప్పుడల్లా ట్రిప్ సున్నా చేసి మైలేజీ లెక్క చూసుకోవడం అలవాటు. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో మీటర్లు బాగు చేసే ఒక దుకాణంలో చూపించాను. 'లోపల గేరు పోయింది, సాయంత్రం రండి' అన్నారు. 3,500 రూపాయలు తీసుకున్నారు. సాయంత్రానికి ట్రిప్ తిరుగుతోంది, నిజమే. కానీ 94 వేలు దాటి ఉండాల్సిన రీడింగు 61 వేల దగ్గర ఉంది!

ఇదేమిటని అడిగితే యజమాని ఏమాత్రం తడబడలేదు. 'మీకు లాభమే కదండీ, అమ్మేటప్పుడు మంచి రేటు వస్తుంది' అన్నాడు. తుక్కుకు పోయిన ఏదో కారు మీటరు తెచ్చి నా కారుకు బిగించి, దానికి మరమ్మతు అని పేరు పెట్టాడన్నమాట. ఆ రీడింగుతో రేపు కారు అమ్మితే కొన్నవారి దృష్టిలో మోసగాడిని నేనే, అతను కాదు. అమ్మకం మాట అలా ఉంచినా, ఈ బండికి ఇంజనులోని టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలో చెప్పేది ఆ అంకెలే. దారిలో బెల్టు తెగితే దిక్కెవరు?

మరో తేడా ఇంటికి వస్తుండగా బయటపడింది. ఫోనులో జీపీఎస్ 60 చూపిస్తుంటే ముల్లు 50 దగ్గరే ఊగుతోంది. కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు అనేది మీటరును బట్టి మారుతుంది. జపాన్ పద్ధతి మీటర్లలో సాధారణంగా అది 637 చుట్లు. వేరే లెక్కతో తయారైన మీటరు పెడితే వేగమూ తప్పే, దూరమూ తప్పే. పైకి అంతా బాగా తిరుగుతున్నట్టే ఉంటుంది, అదే ప్రమాదం.

మీటరు లోపల ఏముంటుందో కాస్త తెలిస్తే ఈ మాటలకు లొంగరు. గేరుబాక్సు నుంచి వచ్చే కేబుల్ మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి ఆనుకోకుండా ఉండే అల్యూమినియం గిన్నె ఆ లాగుడుకు తిరగబోతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెండింటి మధ్య ముల్లు నిలిచిన చోటే మన వేగం. కేబుల్ తిప్పే ఆ ఇరుసు నుంచే గేర్ల ద్వారా అంకెల చక్రాలూ తిరుగుతాయి. ట్రిప్ చక్రాలకు వేరుగా చిన్న ప్లాస్టిక్ గేరు ఉంటుంది.

కాబట్టి ముల్లు, అంకెలు అన్నీ ఆగిపోతే ముందు కేబుల్ చూడాలి, తర్వాత దాన్ని తిప్పే గేరుబాక్సు వైపు గేరు. ముల్లు లేస్తూ రెండు వరుసల అంకెలూ ఆగితే మీటరు లోపల మొదటి గేర్లలో తేడా. ట్రిప్ ఒక్కటే ఆగిందంటే ఆ చిన్న గేరో, సున్నా చేసే బటన్ వెనుక ఉన్న మీటో. మిగతావాటి జోలికి పోవాల్సిన పని లేదు. బండి నడుస్తుండగా ఆ బటన్ నొక్కితే గేరు పళ్లు విరగవచ్చు. నొక్కకపోయినా పాతికేళ్లకు ప్లాస్టిక్ పెళుసెక్కి గేరు నిలువునా చీలుతుంది.

నాలుగు సార్లు గొంతు పెంచాక నా మీటరు నాకు తిరిగి ఇచ్చారు. వేరే పనివాడు నా ఎదుటే విప్పి చూపించాడు: చీలిన గేరు ఒక్కటే. పనికిరాని మీటరు నుంచి అదే గేరు తీసి వేశాడు, 600 రూపాయలు. ఆటోనగర్‌లో ఇలాంటి మంచి పనివాళ్లూ ఉన్నారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. నూనె పిచికారీ చేయమని నేను అంటే అతనే వద్దన్నాడు. ఆ నూనె గిన్నె, స్ప్రింగుల దాకా పాకితే ముల్లు అతుక్కుపోతుందట, అంకెల రంగు కూడా ఊడుతుందట.

మీటరు ఇచ్చే ముందు రీడింగు ఫోటో తీసి, అదే అంకెను రసీదు మీద రాయించండి. రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి. మీటరు వెనుక స్క్రూల మీద గోళ్ల రంగు చుక్క పెట్టండి, విప్పినా మార్చినా తెలిసిపోతుంది. తీసిన పాత గేరు అడిగి తెచ్చుకోండి.

మొదటి దుకాణం నా 3,500 ఇంకా ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అయిదు లక్షల లోపు చెల్లింపులకు అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఇదే అనుభవం ఎదురైన వారు రసీదులు పారేయకుండా దాచండి.